ఇంటర్వ్యూ గదిలో గొంతు పెగలాలంటే: తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు రెండు వారాల సాధన

2012లో నేను సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుంటూ హైదరాబాద్ అమీర్‌పేటలో ఉండేవాణ్ని. మైత్రీవనం దగ్గర్లో ఒక సందులో హాస్టలు, గదికి నలుగురం. పొద్దున కోర్ జావా క్లాసు, మధ్యాహ్నం ఒరాకిల్ క్లాసు, రాత్రి నోట్సు. మూడు నెలలయ్యేసరికి నా నోట్సులో లేని ప్రశ్న ఇక ఎవరూ అడగలేరనిపించింది. మొదటి ఇంటర్వ్యూలో జావాలో ఓవర్‌లోడింగ్‌కీ ఓవర్‌రైడింగ్‌కీ తేడా చెప్పమన్నారు. అది నోట్సులో ఏ పేజీలో ఉందో, దాని కింద ఏ రంగు పెన్నుతో గీత గీశానో కూడా కళ్లకు కట్టింది. మాట మాత్రం బయటికి రాలేదు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. పది నిమిషాల్లో పంపించేశారు.

తిరిగి వస్తుంటే బస్సులో తట్టింది. ఆ జవాబు నేను ఎన్నోసార్లు చదివాను, రెండు మూడుసార్లు రాశాను. ఒక్కసారి కూడా పైకి చెప్పలేదు.

ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చుని కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేస్తుంటాను. అదే ఇబ్బంది రోజూ చూస్తున్నాను. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ బడిలో తెలుగులో చదువుకుని, బీటెక్కో ఎమ్సీయేనో పూర్తి చేసి వచ్చిన పిల్లలు. విషయం తెలుసని వాళ్ల కళ్లే చెబుతుంటాయి, నోరు తోడు రాదు. పక్కన కూర్చున్నవాళ్లు “కాన్ఫిడెన్స్ లేదు” అని రాసేసి తర్వాతి పేరు పిలుస్తారు. వాళ్లలో లేనిది ధైర్యమని నేననుకోను. నోటికి అలవాటు లేదు, అంతే. అలవాటు చేసుకోవచ్చు. దానికి ఏం చేయాలో వరసగా చెబుతాను. మీకు రెండు వారాల సమయం ఉందనుకుని రాస్తున్నాను. మూడు రోజులే ఉంటే మూడో మెట్టు, నాలుగో మెట్టు, ఎనిమిదో మెట్టు పట్టుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక సిద్ధాంతం రాశాడు. ‘ఈ పని నేను చేయగలను’ అనే నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నాడు. సొంతంగా ఆ పని చేసి నెగ్గడం ఒకటి. మనలాంటివాడు చేస్తుంటే చూడటం రెండోది. నువ్వు చేయగలవని ఎవరైనా చెప్పడం మూడోది. ఆ సమయంలో మన ఒళ్లు ఎలా ఉందన్నది నాలుగోది. నాలుగింటిలో మొదటిదే అన్నిటికన్నా గట్టిదన్నాడు. మనవాళ్లు ఎక్కువగా మూడోదాన్ని పట్టుకుంటారు. ఇంటర్వ్యూకి ముందు రాత్రి ప్రేరణ ప్రసంగాల వీడియోలు చూసి పడుకుంటారు. తెల్లారేసరికి ఆ ఊపు దిగిపోతుంది. కింది మెట్లలో చాలావరకు మొదటి దారికి సంబంధించినవే: ముందే చిన్న చిన్నగా చేసి, నెగ్గి, ఆ తర్వాత గదిలోకి వెళ్లడం.

మొదటి మెట్టు: భయాన్ని ముక్కలు చేయండి

“నాకు ఇంటర్వ్యూ అంటే భయం” అనుకున్నంతసేపు దాన్ని ఏమీ చేయలేరు. కాగితం తీసుకుని, సరిగ్గా ఏ క్షణం గురించి భయపడుతున్నారో రాయండి. ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతానేమో. రెండేళ్ల గ్యాప్ గురించి అడుగుతారేమో. ప్రాజెక్టు గురించి లోతుగా అడిగితే దొరికిపోతానేమో. సప్లీలు ఎన్ని అని అడుగుతారేమో. పక్కన కూర్చున్నవాళ్లంతా పెద్ద కాలేజీలవాళ్లేమో.

రాశాక చూడండి, ఐదో ఆరో వస్తాయి. ఒక్కొక్కదానికి చేయాల్సిన పని వేరు. గ్యాప్‌కి నాలుగు వాక్యాల జవాబు చాలు. ప్రాజెక్టుకి నాలుగు రోజుల పని కావాలి. పక్కన కూర్చున్నవాళ్ల గురించి మీరు చేయగలిగిందేమీ లేదు, దాన్ని కొట్టేయండి. ఆ కాగితం దాచుకోండి. ఈ రెండు వారాలూ మీ పాఠ్య ప్రణాళిక అదే.

రెండో మెట్టు: రెజ్యూమేలో మీది కానిది తీసేయండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. గదిలో వణుకు పుట్టించేవాటిలో సగం రెజ్యూమేలో మనం రాసుకున్న మాటలే.

ఒక్కో లైను మీద వేలు పెట్టి, “దీని మీద ఐదు నిమిషాలు మాట్లాడగలనా?” అని మిమ్మల్ని మీరే అడగండి. పైథాన్, జావా, సీ ప్లస్ ప్లస్, యాంగ్యులర్, ఏడబ్ల్యూఎస్, మెషీన్ లెర్నింగ్ అని స్నేహితుడి రెజ్యూమేలోంచి దించుకున్న వరసను చూసి ఎవరూ మెచ్చుకోరు. ఆ వరసలో అందరికన్నా చివర ఉన్నదాన్నే నేను ముందు అడుగుతాను. నాకు తెలిసిన చాలామంది అలాగే చేస్తారు. మూడే రాయండి, ఆ మూడూ మీవి కావాలి.

తర్వాత ప్రాజెక్టు. ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొనుక్కోవడం ఎంత మామూలో మీకూ తెలుసు, నాకూ తెలుసు. జరిగిపోయినదాని గురించి తిట్టను. ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఆ కోడ్ తెరవండి. మీ ల్యాప్‌టాప్‌లో అది నడిచేలా చేయండి, దానికే ఒక రోజు పట్టొచ్చు. రెండో రోజు దాని డేటాబేస్‌లో ఎన్ని టేబుళ్లున్నాయి, ఏ టేబుల్‌కి ఏది కలుస్తుందో తెల్లకాగితం మీద గీయండి. మూడో రోజు లాగిన్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి తెర మీద తర్వాతి పేజీ వచ్చేదాకా కోడ్ ఏ ఫైల్లోంచి ఏ ఫైల్లోకి వెళ్తుందో వెంబడించండి. నాలుగో రోజు మీ సొంతంగా ఒక్కటి కలపండి. పాస్‌వర్డ్ మర్చిపోతే మార్చుకునే పేజీ కావచ్చు, రిపోర్టును ఎక్సెల్ ఫైలుగా దించుకునే బటన్ కావచ్చు. ఎంత చిన్నదైనా ఫర్వాలేదు. గదిలో “ఇందులో ఈ భాగం నేను చేశాను, చేసేటప్పుడు ఈ ఇబ్బంది వచ్చింది, ఇలా సరిచేశాను” అన్నప్పుడు మీ గొంతు మారిపోతుంది. వినేవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక అనుభవం. ఫ్రెషర్‌గా ఉద్యోగం రావట్లేదని రెండు మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోమని చెప్పే కన్సల్టెన్సీలు ఉన్నాయి. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. తప్పు కాబట్టే కాదు, ఆ అబద్ధం ఉన్నంతకాలం మీకు ధైర్యం రాదు కాబట్టి కూడా. ప్రతి ప్రశ్నకీ ముందు “నేను ఏ కంపెనీలో ఎన్నాళ్లు చేశానని చెప్పాను?” అని లోపల లెక్క చూసుకోవాలి. ఉద్యోగం వచ్చినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. పీఎఫ్ ఖాతాలో, ఉద్యోగికి ఒకటే ఉండే యూఏఎన్ నంబరు కింద ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో నమోదై ఉంటుంది, దాన్ని చూస్తున్న కంపెనీలు చాలా ఉన్నాయి. చేరిన ఆర్నెల్లకు బయటపడి ఉద్యోగం పోయినవాళ్లను చూశాను. అలాగే, బ్యాక్‌డోర్ అంటూ, అంటే దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామంటూ లక్షలు అడిగేవాళ్లు, ఆఫర్ లెటర్ ఇచ్చి డిపాజిట్ కట్టమనేవాళ్లు ఎదురైతే అక్కడే ఆగిపోండి. అమ్మానాన్నలు అప్పు తెచ్చి ఇచ్చిన డబ్బు అది.

మూడో మెట్టు: ఒకటిన్నర నిమిషం పరిచయం

“టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్” అన్న మాట రాగానే మనవాళ్లలో చాలామంది ఒకే పాఠం అప్పజెబుతారు. పేరు, ఊరు, నాన్న రైతు, అమ్మ గృహిణి, ఒక తమ్ముడు, హాబీలు క్రికెట్ ఆడటం, పాటలు వినడం, బలాలు కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకోవడం. ఇంటివాళ్ల గురించి చెప్పడం చిన్నతనం కాదు, కానీ ఎదుటివాళ్లు అడిగింది మీరు వాళ్లకు ఏ పనికి పనికొస్తారని. పైగా బట్టీ పట్టినదానికి ఒక ప్రమాదం ఉంది. మూడో వాక్యం మర్చిపోతే నాలుగోది రాదు.

నాలుగు మేకులు కొట్టుకోండి, వాక్యాలు వాటికి తగిలించుకోవచ్చు. ఒకటి: ఇప్పుడు నేనెవరు (ఏ చదువు, ఎప్పుడు పూర్తయింది). రెండు: నాకు బాగా వచ్చిన పని, దానికి సాక్ష్యంగా ఒక ఉదాహరణ. మూడు: ఆ పని దగ్గరికి నేనెలా వచ్చాను. నాలుగు: ఈ ఉద్యోగం ఎందుకు.

ఉదాహరణకు, మార్కాపురం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇలా చెప్పొచ్చు: “నేను పోయినేడాది బీటెక్ పూర్తిచేశాను. నాకు డేటాబేస్ పని ఇష్టం. మా ఊళ్లో నాన్నగారిది ఎరువుల కొట్టు. అప్పు ఖాతాలన్నీ పుస్తకాల్లో ఉండేవి, ఎవరు ఎంత బాకీ ఉన్నారో తేల్చడానికి ఒక పూట పట్టేది. సెలవుల్లో నేను వాటిని ఎస్క్యూఎల్ టేబుళ్లలోకి ఎక్కించి, పేరు కొడితే బాకీ వచ్చేలా చేశాను. అక్కడే జాయిన్లు, అంటే టేబుళ్లను కలపడం, నిజంగా అర్థమయ్యాయి. మీ దగ్గర డేటా సపోర్ట్ ఉద్యోగం ఉందని చూసి దరఖాస్తు పెట్టుకున్నాను.” ఇందులో నాన్న కూడా ఉన్నాడు, ఊరు కూడా ఉంది. రెండూ పనికి సంబంధించిన చోటే వచ్చాయి. తర్వాతి ప్రశ్న కూడా దాదాపు ఆమె చేతిలోనే ఉంది. ఎవరైనా ఆ టేబుళ్ల గురించే అడుగుతారు.

మీ ఇంట్లో కొట్టు ఉండాల్సిన పనిలేదు. పండగకి చందాల లెక్క చూసినవాళ్లు, కాలేజీ ఫెస్ట్‌లో భోజనాల బాధ్యత తీసుకున్నవాళ్లు, తమ్ముడికి లెక్కలు చెప్పినవాళ్లు, కోతల కాలంలో కూలీల హాజరు రాసినవాళ్లు ఉంటారు. అలాంటివి ఐదారు ఏరి పెట్టుకోండి. ఒక్కోదానికి నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే చాలు: అప్పుడు పరిస్థితి ఏమిటి, నా మీద పడిన పని ఏమిటి, నేనేం చేశాను, చివరికి ఏమైంది. హెచ్ఆర్ రౌండులో “ఒక కష్టమైన సందర్భం చెప్పండి”, “గొడవ వస్తే ఎలా సర్దారు” లాంటి ప్రశ్నలకు ఈ ఐదారు అనుభవాలే తిప్పి తిప్పి పనికొస్తాయి.

నాలుగో మెట్టు: గొంతెత్తి చెప్పండి

మిగతావన్నీ మానేసినా దీన్ని మానకండి.

మనసులో అనుకోవడం, పెదాలు కదపడం లెక్కలోకి రావు. గదిలో అవతలి మనిషికి వినిపించేంత గట్టిగా చెప్పాలి. హాస్టల్లో సిగ్గనిపిస్తే డాబా మీదికెళ్లండి. నేను రాత్రి తొమ్మిది తర్వాత నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి చెప్పుకునేవాణ్ని.

ఫోన్లో వాయిస్ రికార్డర్ పెట్టి మొదట పరిచయాన్ని తెలుగులో చెప్పండి. అవును, తెలుగులోనే. ఆలోచన వరసలో ఉందో లేదో తెలుగులో చెప్పినప్పుడే తేలుతుంది. తెలుగులోనే తడబడితే లోపం భాషలో లేదు, ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదన్నమాట. తెలుగులో సాఫీగా వచ్చాక అదే సంగతిని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పండి.

విన్నప్పుడు మీ గొంతు మీకే నచ్చదు. అందరికీ అలాగే ఉంటుంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు తల ఎముకల గుండా కూడా మనకు వినబడుతుంది, రికార్డులో అది ఉండదు. కాబట్టి గొంతును వదిలేసి మూడు సంగతులు చూడండి. ఎక్కడ పరుగెత్తారు? ఎక్కడ “యాక్చువల్లీ, బేసికల్లీ” అని గుక్క తిప్పుకున్నారు? ఏ వాక్యం చివర మాటను మింగేశారు? ఒక్కో రికార్డింగ్‌కి ఒక్కటే దిద్దుకోండి. మూడూ ఒకేసారి దిద్దబోతే మాట కొయ్యబారుతుంది.

రోజుకి మూడుసార్లు, మొదటి వారమంతా. ఏడో రోజు రికార్డింగ్‌ని మొదటి రోజుదాని పక్కన పెట్టి వినండి. బండూరా చెప్పిన మొదటి దారి మీ ఫోన్లోనే ఉంటుంది.

ఐదో మెట్టు: టెక్నికల్ జవాబుకి ఒక ఉదాహరణ తగిలించండి

నిర్వచనం ఒక్కటే నేర్చుకుంటే మధ్యలో పదం జారిపోయినప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఉదాహరణ ఉంటే దాని మీదుగా వెనక్కి రావచ్చు. ప్రతి జవాబులో మూడు భాగాలు పెట్టుకోండి: ఒక వాక్యంలో అర్థం, రోజువారీ ఉదాహరణ, నేను వాడిన చోటు.

డేటాబేస్‌లో ప్రైమరీ కీకి, యూనిక్ కీకి తేడా అడిగారనుకోండి. పరీక్ష రాసే పిల్లల టేబుల్లో హాల్ టికెట్ నంబరు ప్రైమరీ కీ: అది ప్రతివాళ్లకీ ఉండాలి, ఏ ఇద్దరికీ ఒకటే ఉండకూడదు, టేబుల్‌కి అలాంటి కీ ఒక్కటే. ఈమెయిల్ యూనిక్ కీ కావచ్చు: ఏ ఇద్దరికీ ఒకటే ఉండకూడదు, కానీ కొందరికి మెయిల్ లేకపోవచ్చు కాబట్టి అక్కడ ఖాళీకి చోటుంటుంది, అలాంటివి ఒకటికన్నా ఎక్కువ పెట్టుకోవచ్చు. ఇంత చెప్పాక “మా ప్రాజెక్టులో రిజిస్ట్రేషన్ టేబుల్లో ఇలా పెట్టాను” అని కలిపితే జవాబు పూర్తయింది. ఇలాంటివి ముప్పై తయారు చేసుకోండి. మూడువందల ప్రశ్నల పీడీఎఫ్ చదవడం కన్నా ఇది మేలు.

ఆరో మెట్టు: ఇంగ్లిష్ ఎంత కావాలో అంతే

తప్పుల్లేని ఇంగ్లిష్ వచ్చాకే ఇంటర్వ్యూకి వెళ్తానని నిర్ణయించుకుని ఏడాది పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. కొత్తవాళ్లను తీసుకునే ఉద్యోగాల్లో చాలావాటికి కావాల్సింది, మీరు చెప్పింది ఎదుటివాళ్లకు తికమక లేకుండా చేరడం. ఎనిమిది పదాలకు మించని వాక్యాలు వాడండి. పెద్ద వాక్యం మొదలుపెడితే క్రియ ఎక్కడ పెట్టాలో తెలియక తిప్పలు పడతాం, ఎందుకంటే తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో మధ్యలోనే వచ్చేయాలి.

పేరు చెప్పేటప్పుడు “మైసెల్ఫ్” అనకండి, “ఐ యామ్” అని పేరు చెప్పండి. “ఐ యామ్ హ్యావింగ్ నాలెడ్జ్” బదులు “ఐ నో” చాలు. నాలుగు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చేలా నేర్చుకోండి. ఇవి చేతికర్రలాంటివి:

“కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్?”
“లెట్ మీ థింక్ ఫర్ ఎ మొమెంట్.”
“లెట్ మీ ఎక్స్‌ప్లెయిన్ విత్ ఎన్ ఎగ్జాంపుల్.”
“ఐ హ్యావ్ నాట్ వర్క్‌డ్ ఆన్ దట్, బట్ ఐ కెన్ టెల్ యూ వాట్ ఐ నో.”

మాట తట్టక ఆగిపోయిన ప్రతి చోటా వీటిలో ఒకటి సరిపోతుంది. ఇవి చేతిలో ఉన్నాయన్న భరోసాతోనే ఆగిపోవడం తగ్గుతుంది.

అందరికీ ఇంగ్లిష్ తప్పనిసరి కాదన్నది కూడా తెలుసుకోండి. సివిల్స్ పర్సనాలిటీ టెస్టు 275 మార్కులకు ఉంటుంది, అంత పెద్ద ఇంటర్వ్యూని కూడా తెలుగులో ఇచ్చే వీలుంది. మనవాళ్లు కొందరు అలా ఇచ్చి నెగ్గారు.

ఏడో మెట్టు: మనుషుల ముందు, ఒక్కో మెట్టుగా

రెండో వారం ఫోన్ వదిలి మనుషుల దగ్గరికి రండి. మొదట రూమ్‌మేట్. తర్వాత ఇంట్లో అక్కో బావో బాబాయో, ఎవరైనా ఉద్యోగం చేస్తున్నవాళ్లు. వీడియో కాల్‌లో ఇరవై నిమిషాలు అడగమనండి. ఆ తర్వాత మీకు పెద్దగా పరిచయం లేని ఒక సీనియర్. “అన్నా, అరగంట నన్ను ఇంటర్వ్యూ చేస్తావా? నవ్వొద్దు, మధ్యలో సాయం చేయొద్దు” అని ముందే చెప్పండి. ఇలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. వాళ్లూ ఒకప్పుడు అదే కుర్చీలో కూర్చున్నారు.

మీరు ఇంకా కాలేజీలో ఉంటే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని కలవండి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎస్ఎస్‌డీసీ, తెలంగాణలో టాస్క్ కాలేజీ పిల్లలకు ఉద్యోగ నైపుణ్యాల శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థలు. మీ కాలేజీకి వాటితో సంబంధం ఉందేమో అడగండి.

ఇలాంటి మాక్ (నమూనా ఇంటర్వ్యూ)లో కుర్చీలో కూర్చోవడం కూడా సాధనే. తలుపు తట్టడం, లోపలికి వచ్చి నమస్కారం చెప్పడం, కూర్చోమన్నాక కూర్చోవడం, చేతులు ఒళ్లో పెట్టుకోవడం. ఒకసారి మీరు అడిగేవాళ్ల కుర్చీలోకి మారి, స్నేహితుణ్ని ఇంటర్వ్యూ చేయండి. పదిహేను నిమిషాల్లో ఒక సంగతి తెలుస్తుంది: అడిగేవాళ్లు కూడా తర్వాత ఏం అడగాలా అని వెతుక్కుంటూనే ఉంటారు, మంచి జవాబు వస్తే బాగుండునని కోరుకుంటూనే ఉంటారు. మీ మీద ఎక్కువగా ఆశ పెట్టుకున్న ఇంటర్వ్యూకి ముందే, చేరే ఉద్దేశం కొద్దిగా ఉన్న చిన్న కంపెనీ వాకిన్ (నేరుగా వెళ్లి ఇచ్చే ఇంటర్వ్యూ) ఒకటి రెండు ఇచ్చి రండి.

ఎనిమిదో మెట్టు: తెలియదని చెప్పడం సాధన చేయండి

తెలియని ప్రశ్న వస్తుంది. ఎంత చదివినా వస్తుంది. అక్కడ చాలామంది రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. తల వంచుకుని “సారీ సర్” అని మెల్లగా గొణుగుతారు, లేకపోతే కల్పించి చెబుతారు. కల్పించింది మొదటి ఎదురు ప్రశ్నకే కూలిపోతుంది. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలను కూడా అనుమానంగానే వింటారు.

ఎదుటివాళ్ల మొహం చూస్తూ, మామూలు గొంతుతో, మూడు ముక్కల్లో చెప్పండి: ఇది నేను చేయలేదు. దీనికి దగ్గరగా ఇది చేశాను. దాన్నిబట్టి ఇలా ఉంటుందనుకుంటున్నాను. ఇలా చెప్పినవాళ్లను నేను తీసుకున్నాను. రేపు పనిలో చేరాక తెలియనిది ఎదురైతే ఏం చేస్తారో అక్కడే కనబడుతుంది కదా. మాక్‌లో స్నేహితుడితో కావాలనే మీకు రాని ప్రశ్నలు మూడు అడిగించుకోండి. ఈ జవాబు కూడా నోటికి అలవాటు కావాలి.

తొమ్మిదో మెట్టు: నొప్పి కలిగించే ప్రశ్నలు

మొదటి రోజు కాగితంలో రాసుకున్నవి ఇవే అయ్యుంటాయి. గ్యాప్ ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యంలో నిజం చెప్పండి: నాన్నగారి ఆరోగ్యం, గ్రూప్స్ ప్రిపరేషన్, సబ్జెక్టు మిగిలిపోవడం, ఏదైనా సరే. రెండో వాక్యంలో ఆ కాలంలో నేర్చుకున్నది, మూడో వాక్యంలో ఇప్పుడు ఏం చేయగలరో, నాలుగో వాక్యంలో ఎప్పుడు చేరగలరో చెప్పి ఆపేయండి. ఆపడమే ముఖ్యం. సంజాయిషీ పెరిగేకొద్దీ ఎదుటివాళ్లకు అనుమానం పెరుగుతుంది. బ్యాక్‌లాగ్‌లకూ అంతే: ఎన్ని, ఎప్పుడు పాసయ్యాను, తర్వాత సెమిస్టర్లలో మార్కులు ఎలా ఉన్నాయి.

జీతం అడిగితే కొత్తవాళ్లు మొహమాటపడిపోతారు. ఆ ఉద్యోగానికి ఎంత ఇస్తున్నారో ముందే ఇద్దరు సీనియర్లను అడిగి తెలుసుకుని, ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పండి. బాండ్ (ఇన్నాళ్లు మానకుండా పనిచేస్తానన్న ఒప్పందం) ఉందా, ఉంటే ఎన్నాళ్లు అని మీరే అడగండి. అది అడగడం అమర్యాద కాదు.

అమ్మాయిలను ఇప్పటికీ “పెళ్లయ్యాక మానేస్తారా?” అని అడుగుతున్నారు. అడగకూడని ప్రశ్న అది. ఎదురైతే “ఈ ఉద్యోగానికి చెప్పిన పనివేళలు, ఊరు నాకు సమ్మతమే” అని చెప్పి ఆగండి. ఇంటి సంగతులు విప్పి చెప్పాల్సిన అవసరం మీకు లేదు.

పదో మెట్టు: ఒంటికి కూడా నేర్పండి

గుండె దడ, నాలుక తడారిపోవడం, అరచేతుల్లో చెమట ఆడ్రినలిన్ అనే హార్మోను పని. పరుగు పందెం ముందు కూడా ఇవే వస్తాయి. వీటిని పూర్తిగా ఆపాలని చూడకండి, అది జరగదు. తగ్గించడానికి ఒకటే చాలు: ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరో ఏడో లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. వదలడం పీల్చడం కన్నా పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. అలా ఎనిమిది పదిసార్లు. దీన్ని కూడా వారం ముందు నుంచే చేయండి, ఆ రోజు మొదటిసారి చేస్తే కుదరదు.

ఇంకొకటి తెలుసుకోండి. మన లోపలి కంగారు బయటికి ఎంత కనబడుతోందని మనం అనుకుంటామో, నిజానికి అంత కనబడదు. కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే పరిశోధకులు 2003లో దీన్ని ప్రసంగాలు చేసేవాళ్ల మీద పరీక్షించారు. ఈ సంగతి ముందే చెప్పి పంపినవాళ్లు, చెప్పనివాళ్ల కన్నా మెరుగ్గా మాట్లాడారు. ఇప్పుడు మీకూ చెప్పాను. మీ గుండె చప్పుడు బల్ల అవతలికి వినబడదు.

ముందు రోజు, ఆ రోజు

వీలైతే ముందు రోజే ఆ చోటు చూసి రండి. అమీర్‌పేట నుంచి నీలం లైను మెట్రో ఎక్కితే హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా ట్రాఫిక్ బాధ లేదు. కానీ స్టేషన్ దిగాక అసలు గేటు దొరకడానికి, సెక్యూరిటీ దగ్గర పాస్ రాయించుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. గేటు ఏదో తెలిసిన మనిషి నడకే వేరు. రెజ్యూమే మూడు కాపీలు, ఆధార్, సర్టిఫికెట్ల జిరాక్సులు పెట్టుకోండి. ఒరిజినల్స్ చూపించండి, కానీ ఎవరి దగ్గరా వదిలి రాకండి.

ఒకసారైనా వేసుకున్న చొక్కా, ఒకసారైనా నడిచిన చెప్పులు లేదా బూట్లు వేసుకోండి. కొత్త బూట్లు కరిస్తే మనసంతా మడమ మీదే ఉంటుంది. పొద్దున ఇడ్లీ తినండి, ఖాళీ కడుపుతో వెళ్లకండి. ఆ రోజు కొత్తగా ఏదీ చదవకండి. వెయిటింగ్ హాల్లో లోపలికెళ్లి వచ్చినవాణ్ని చుట్టుముట్టి “ఏమడిగారు, ఏమడిగారు” అని అడిగే గుంపులో చేరకండి. మీ పరిచయాన్ని ఒకసారి మెల్లని గొంతుతో చెప్పుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోండి.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే ఫోన్ను పుస్తకాల దొంతర మీద కళ్ల ఎత్తులో ఆనించండి. వెలుగు మొహం మీద పడాలి, కిటికీకి వీపు పెట్టొద్దు. కెమెరా పక్కన చీటీలు అంటించుకుని చదవకండి, కళ్లు కదలడం మాకు తెలిసిపోతుంది. ఊళ్లో కరెంటు, సిగ్నల్ నమ్మలేనివైతే ముందే మెయిల్లో చెప్పి మీ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచండి.

బయటికొచ్చిన మొదటి గంట

ఇంటికి ఫోన్ చేయడానికి ముందు, మెట్రోలోనో బస్సులోనో కూర్చుని అడిగిన ప్రశ్నలన్నీ వరసగా రాసుకోండి. సాయంత్రానికి సగం మర్చిపోతారు. ప్రతి ప్రశ్న పక్కన బాగా చెప్పాను, సగం చెప్పాను, చెప్పలేదు అని గుర్తు పెట్టండి. బాగా చెప్పినవాటిని కూడా తప్పకుండా లెక్కపెట్టండి. సెలెక్ట్ కాలేదన్న మెయిల్ వచ్చిన రోజున మనసు వాటిని దాచేస్తుంది, అప్పుడు ఆ కాగితం కావాలి. నా మొదటి నాలుగు ఇంటర్వ్యూల్లో మొదటిదానికి అలాంటి కాగితం లేదు. మిగతా మూడింటికీ ఉంది. ఐదోదాంట్లో అడిగిన పన్నెండు ప్రశ్నల్లో ఏడు ఆ కాగితాల్లో ఉన్నవే.

ఆ రాత్రి భోజనం చేశాక డాబా మీదికెళ్లి, పక్కన ‘చెప్పలేదు’ అని గుర్తు పెట్టిన ప్రశ్నలకు ఒక్కోదానికి గొంతెత్తి జవాబు చెప్పండి.